బెలుం పోయిన శుక్రవారం

ఆళ్ళగడ్డ,
మే 28.

చిట్టితల్లి ఫెబాకు,

నీ ప్రసన్న చిన్నమ్మ వందనాలు, ముద్దులు, దాంతోపాటు ఒక మొట్టికాయ. మొట్టికాయ ఎందుకంటే నీ గొప్ప నాకు నీ నోట తెలియలేదు, మీ సంఘం దెబోరా నోట తెలిసింది. నిన్న ఆమె నంద్యాల నుంచి వచ్చి, బస్సు దిగీ దిగకముందే మా ఇంట్లో వాలింది. "టీచరమ్మా, మీ ఫెబా చర్చిలో లేసి సాక్ష్యం చెప్పింటే అందరం ఏడిస్తిమి. కంపెనీ మిషన్లోంచి మాయమైన లెక్కలన్నీ దేవుడు మళ్ళా తెచ్చిచ్చినాడంట" అని నా చెవి దగ్గర అరిచి చెప్పింది. అరవడం దేనికో నీకు తెలుసు. నాతోపాటు ఈ చెవులు కూడా రిటైరయ్యాయి. వీధి చివర శిల్పులు పొద్దస్తమానం రాయి చెక్కుతున్నా నాకు వినబడదు, ఇక నీ ఫోనేం వినబడుతుంది. అందుకే మనకు ఉత్తరాలే గతి. బడిలో పిల్లల చేత ఉత్తరాలు రాయించీ రాయించీ నాకు ఇదే రుచిగా ఉంది కూడా.

అక్క పోయాక నిన్ను నా దగ్గర ఉంచుకుని చదివించినప్పుడు, "ఆ కంప్యూటర్ల చదువుతో ఏం ఉద్ధరిస్తుందిలే" అని నవ్విన వాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్ళ ముందు నువ్వు నిలబడి ఆ సాక్ష్యం చెప్పాలి. పాస్టరు గారితో మాట్లాడేశాను. ఆగస్టులో స్త్రీల కూటం వార్షికోత్సవం, నీకు పావుగంట ఇస్తామన్నారు.

ముందు నాకు అర్థమయ్యేట్టు రాయి. దెబోరా ఏదో 'వర్చువల్ సర్వర్' అంది. అంటే నిజంగా లేని మిషను అట. లేనిదానికి కాపలా కాస్తే నీకు జీతం ఎవరిస్తున్నారే?

నీ చిన్నమ్మ,
ప్రసన్నకుమారి.


నంద్యాల,
జూన్ 3.

ప్రియమైన చిన్నమ్మకు,

ఫెబా వందనాలు. మొట్టికాయ అందింది, నెత్తి తడుముకుంటూనే రాస్తున్నాను.

లేని మిషను కాదు చిన్నమ్మా. నూనెపల్లెలో పెదనాన్న వాళ్ళ ఇల్లు గుర్తుందా? ఒక్క ఇంటికే అడ్డుగోడలు పెట్టి పోర్షన్లు చేసి అద్దెకిచ్చారు. ఏ పోర్షన్ వాళ్ళకు అదే సొంత ఇల్లు. వంటిల్లు వేరు, తలుపు వేరు. కింద నీళ్ళ సంపు మాత్రం అందరికీ ఒకటే. మా విత్తనాల కంపెనీలో కూడా అంతే. గదిలో నిజంగా ఉన్నవి రెండు పెద్ద మిషన్లు. వాటిలో అడ్డుగోడలు పెట్టి ఇరవై దాకా సర్వర్లు చేసుకున్నాం. గుర్తుండటానికి వాటికి ఊళ్ళ పేర్లు. ప్యాపిలిలో అకౌంట్లు, వెలుగోడులో గోడౌన్ స్టాకు, బెలుంలో మొలకల ల్యాబు లెక్కలు. పేర్లు పెట్టింది మా షాకీర్ అన్న. ఆయనా నేనూ కలిసి ఆ గది చూసుకునేవాళ్ళం.

మే నెలలో ఎవరో కొళాయి తెరిచి మరిచిపోయారు. సంపు ఖాళీ. అంటే మిషన్లో ఇంక చోటు లేదు, అన్ని పోర్షన్లూ ఒకేసారి ఆగిపోయేట్టున్నాయి. ఆ హడావుడిలో బెలుం పోయింది.

మరుసటి రోజు శనివారం. ల్యాబు చూసే కృపావరం మేడం బస్తాల ట్యాగులు కొట్టడానికి తెరిస్తే బెలుం లేదు. వానలు నెత్తిమీద ఉన్నాయి. ట్యాగు మీద మొలక శాతం లేకుండా ఒక్క బస్తా అమ్మడానికి లేదు. పరీక్షలు మళ్ళీ చేయాలంటే గింజ మొలిచేదాకా కూర్చోవాలి. ఆమె కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. బీరువాలో ఒక నకలు డిస్కు దొరికింది. సాయంత్రానికి బెలుం మళ్ళీ లేచి నిలబడింది. ఆ సంతోషంలో ఆదివారం చర్చిలో లేచి చెప్పాను, అంతే. దెబోరా కొంచెం ఎక్కువ చేసి చెప్పి ఉంటుంది.

ఆగస్టు సంగతి చూద్దాం. ఈ మధ్య ఆదివారాలు ఇక్కడ చర్చికే పోలేకపోతున్నాను. సీజన్లో మాకు ఆదివారం లేదు, గదిలో నా బదులు కూర్చోవడానికి ఇంకొకరు లేరు.

మీ ఫెబా.


ఆళ్ళగడ్డ,
జూన్ 9.

చిట్టితల్లికి,

పోర్షన్ల ఉపమానం బాగుంది. మా బడి కరస్పాండెంటు ఎజ్రా గారికి కూడా చెప్పాను, "మీ ఫెబా పాఠాలు చెప్పాల్సింది టీచరమ్మా" అన్నారు. నా పెంపకం మరి.

ఇంకొకరు లేరు అని రాశావు. షాకీర్ ఏమైనట్టు? ఆదివారం పొద్దున నీ కోసం అతను కూర్చుంటాడని, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోతే అతని కోసం నువ్వు కూర్చుంటావని, ఆఫీసులో చెప్పకుండా మీలో మీరే చేసుకున్న ఏర్పాటని పోయిన ఏడు రాశావు కదా. అది చదివి ఎంత ముచ్చటపడ్డానో.

ఎందుకడుగుతున్నానంటే అతను ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు. మన వెనక వీధి మైమూనా కొడుకే కదా, నా జాకెట్లు కుట్టే మైమూనా. కంపెనీ వాళ్ళు తీసేశారట. భార్య రేష్మాను, పాప ఆర్షియాను తీసుకొచ్చి తల్లి దగ్గర ఆ రెండు గదుల్లో సర్దుకున్నాడు. ఎందుకు తీసేశారే అని మైమూనాను అడిగితే, "యేమో టీచరమ్మా, వాడు నోరు తెరిస్తే గదా" అంటుంది.

మా బడిలో కంప్యూటరు మాస్టరు పోస్టు ఖాళీగా ఉంది. ఎజ్రా గారు నా మాట వింటారు. ఇరుగుపొరుగు పిల్లవాడు, చేయగలిగిన సాయం చేద్దామని ఉంది. కానీ తీసేసిన మనిషి కదా, ఆయన కారణం అడుగుతారు. ఒక్క మాట రాయి తల్లీ. మనిషి ఎలాంటివాడు, ఏం జరిగింది. నీ మాట మీదనే చెబుతాను.

చిన్నమ్మ.


నంద్యాల,
జూన్ 16.

చిన్నమ్మకు,

వందనాలు. పని ఒత్తిడిలో జవాబు ఆలస్యమైంది.

షాకీర్ అనే అతని గురించి అడిగారు. పని తెలిసినవాడే. కానీ బెలుంను తీసేసింది అతనేనని ఆఫీసు విచారణలో తేలింది. ఆ వేళకు నేను భోజనానికి క్యాంటీన్‌కు పోయి ఉన్నాను కాబట్టి నాకు పూర్తి వివరాలు తెలియవు. పిల్లల మార్కులు, రికార్డులు ఉండే చోటు కదా, ఎజ్రా గారు ఆలోచించుకుని చేయడం మంచిది. నేను రాశానని మాత్రం ఎవరికీ చెప్పకండి.

ఇక్కడ బంగినపల్లి పండ్లు ఆఖరుకొచ్చాయి. దెబోరా వస్తే ఒక బుట్ట పంపుతాను. షుగరు మాత్రలు మానకండి.

ఫెబా.


ఆళ్ళగడ్డ,
జూన్ 25.

చిట్టితల్లికి,

పండ్లు అందాయి. రెండు కుళ్ళాయి, మిగతావి బాగున్నాయి.

నీ పేరు చెప్పకుండా ఎజ్రా గారికి సంగతి చెప్పాను. "అట్లయితే మనకెందుకమ్మా ఆ తలనొప్పి" అని ఆ పోస్టు బెన్నీకి ఇచ్చేశారు. గాయక బృందంలో గిటారు వాయించే బెన్నీయే. వాడికి కంప్యూటరు ఎంత వచ్చో దేవుడికే తెలియాలి.

మైమూనా నాలుగుసార్లు అడిగింది. "చూస్తామన్నారే" అని తప్పించుకున్నాను. ఆ తర్వాత ఆమె వీధిలో పోవడం మానేశాను, చర్చికి కూడా చుట్టు తిరిగి పోతున్నాను. కుట్టడానికిచ్చిన జాకెట్లు ఆమె దగ్గరే ఉండిపోయాయి. తప్పు చేసింది వాళ్ళ అబ్బాయి, ముఖం చాటేస్తున్నది నేను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే నేనెందుకు భుజాలు తడుముకుంటున్నానో నాకే తెలియడం లేదు. కష్టంలో ఉన్న ఇంటి మీద మరొక రాయి వేశానన్న బాధ కాబోలు.

ఒకటి అడుగుతాను. టీచరు బుద్ధి, పోదు. నిన్నటిదాకా 'మా షాకీర్ అన్న'. ఇప్పుడు 'షాకీర్ అనే అతను' ఎందుకయ్యాడు?

ఆగస్టు పదో తేదీ ఖాయం చేశారు. తెల్ల చీర నేను తీసిపెడతాను.

చిన్నమ్మ.


నంద్యాల,
జూలై 4.

చిన్నమ్మకు,

వందనాలు. ఆగస్టుకు నేను రాలేను. సెలవు దొరకదు. దొరికినా సాక్ష్యం చెప్పలేను. దయచేసి పాస్టరు గారికి చెప్పి ఇంకెవరినైనా చూసుకోమనండి.

ఒంట్లో బాగానే ఉంది. అన్నమే సయించడం లేదు. కృపావరం మేడం రోజూ ఇంటి నుంచి నాకు టిఫిను తెస్తోంది. "నువ్వు లేకపోతే నా గతేమయ్యేది పాపా" అని పక్కనే కూర్చుని తినిపిస్తుంది. ఆ ఉప్మా గొంతు దిగదు. వద్దంటే నొచ్చుకుంటుంది, తింటే నాకు ఏడుపొస్తుంది.

మీరు అడిగినదానికి తర్వాత జవాబు రాస్తాను.

ఫెబా.


ఆళ్ళగడ్డ,
జూలై 11.

ఫెబాకు,

నిన్న సాయంత్రం మైమూనా జాకెట్లు తీసుకుని తనే మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. అందరిలా నా చెవిలో అరవలేదు కూడా. నా ఎదురుగా నిలబడి, నేను పెదవులు చూసి అర్థం చేసుకునేట్టు నిదానంగా మాట్లాడింది.

"టీచరమ్మా, మా సందులో రాకుండా మీరు సుట్టు తిరిగి పోతాండారు. మిషను ముందర కూసోని అంతా సూస్తానే ఉండా. నా కొడుకేమన్నా దొంగా? అది పోయిన పొద్దు వాడు ఆ గదిలోనే లేడు. శుక్రవారం, జుమ్మా నమాజుకు పోయినాడు. మా మరిది సైదా సాహెబ్ కండ్లు సూపిచ్చుకునేకి నంద్యాలకు పోయింటే, మసీదులో వాని పక్కనే నిలబడినాడు."

"మరి ఆ మాట మేనేజరుకు చెప్పొచ్చు కదా" అన్నాను.

"నేనూ అదే అడిగినా. యేమన్నాడో తెలుసునా? 'పని వదిలిపెట్టి మసీదుకు పోతినని నేను చెప్తే, గోడౌన్లో బస్తాలు మోసే మనోళ్ళందరికీ రేపట్నుంచి శుక్రవారం బందైతాది మా. నా ఒక్కని కోసరం వాళ్ళందరి నమాజు పోగొట్టాల్నా' అన్నాడు. యెవురికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు. ఒట్టు తప్పి మీకు చెప్తాండా. ఊరంతా ఏమన్నా అనుకోనీ, మీరు గూడా వాన్ని అట్ల సూస్తే నేను తట్టుకోలేను."

జాకెట్లు బల్ల మీద పెట్టి పోయింది. కుట్టుకూలి ఇవ్వబోతే తీసుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అతను మసీదుకు పోతే ఆ గదిలో ఎవరు కూర్చుంటారో నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. నువ్వే రాశావు, నేనే ముచ్చటపడ్డాను.

క్యాంటీన్ కథ ఇంకోసారి రాయకు. జరిగింది రాయి.

ప్రసన్నకుమారి.


నంద్యాల,
జూలై 15.

చిన్నమ్మకు,

మీ ముందు నిలబడి చెప్పే ధైర్యం లేదు. మీ చెవులు సరిగా లేకపోవడం మంచిదైందని మొదటిసారి అనుకున్నాను, అలా అనుకున్నందుకు కూడా సిగ్గుపడ్డాను.

బెలుంను తీసేసింది నేనే.

కొళాయి తెరిచి మరిచిపోయింది కూడా నేనే. సర్వర్‌లో ఏదైనా మార్పు చేసే ముందు, పాడైతే వెనక్కి రావడానికి స్నాప్‌షాట్ అని ఒక గుర్తు పెట్టుకుంటాం. పని అయిపోగానే దాన్ని తీసేయాలి. తీయకపోతే అది లోపల్లోపల పెరుగుతూ చోటంతా తినేస్తుంది. మార్చిలో పెట్టినవి నేను అలాగే వదిలేశాను. "అవి తీసేయమ్మా, యేదో ఒగనాడు మనల్ని ముంచుతాయి" అని షాకీర్ అన్న చెబుతూనే ఉన్నాడు. రేపు, రేపు అన్నాను.

ఆ శుక్రవారం ఆయన నమాజుకు పోయాక మిషన్లో చోటు అయిపోయిందని హెచ్చరిక వచ్చింది. ఫోన్ చేస్తే వచ్చేవాడు. కానీ వస్తే నా నిర్లక్ష్యం బయటపడుతుంది. ఆయన తిరిగొచ్చేలోపు ఏదో ఒకటి తీసేసి చోటు చేయాలనుకున్నాను. చూస్తే బెలుం ఆరిపోయి ఉంది. కృపావరం మేడంకు ఒక అలవాటు. పరీక్షలు అయిపోగానే, ఇంట్లో నీళ్ళ మోటారు ఆపినట్టు, కరెంటు దండగని బెలుంను ఆపేసి పోతుంది. దాన్ని ఆపితే కరెంటేమీ మిగలదని ఎంత చెప్పినా వినదు. దీపం లేని పోర్షన్ చూసి అద్దెకున్న వాళ్ళు ఖాళీ చేశారనుకున్నాను. తలుపు కొట్టి అడగలేదు. అన్న ఆ గదికి పెట్టిన నియమం ఒక్కటే, "అది యెవురిదో వాళ్ళను అడక్కుండా యేదీ తీయగూడదు" అని. అడిగి ఉంటే మేడం పక్క బిల్డింగులోనే ఉంది.

బీరువాలో నకలు దొరికిందని రాశాను. దొరకలేదు. అన్న పోయి తెచ్చాడు. ప్రతి గురువారం సాయంత్రం అన్నిటి నకలూ వేరే డిస్కులో తీసి అకౌంట్సు గది బీరువాలో పెట్టడం ఆయన పద్ధతి. స్నాప్‌షాట్ ఉండగా ఈ చాదస్తం ఎందుకని నేను నవ్వేదాన్ని. ఇల్లే పోతే ఇంట్లో పెట్టుకున్న గుర్తు ఏం పనికొస్తుంది? శనివారం బెలుంను లేపింది ఆయనే. "ఎట్ల పోయిందమ్మా?" అని అడిగాడు. తెలియదన్నాను. నా ముఖం చూసి, "పోనీలే, వచ్చింది గదా" అన్నాడు. ఊళ్ళో లేని మేనేజరుకు ఫోన్ చేసి చెప్పింది నేను. "నకలు నువ్వే తీసి పెట్టినావా? శభాష్" అంటే, ఊఁ అన్నాను. సొమ్మొకడిది సోకొకడిదని మీరు చెప్పిన సామెతకు నేనే ఉదాహరణ.

మరునాడు చర్చిలో మైకు ముందు నిలబడి నేను ఏడుస్తున్నప్పుడు, నా బదులు ఆయన ఆ గదిలో కూర్చుని ఉన్నాడు చిన్నమ్మా. ఆదివారం కదా.

సోమవారం మేనేజరు చెన్నకేశవులు గారు ఇద్దరినీ పిలిచారు. మిషన్లో 'అడ్మిన్' తీసేసినట్టు మాత్రమే ఉంది. ఆ అడ్మిన్ ఇద్దరమూ. ఎవరి పాస్‌వర్డు వాళ్ళకు పెట్టుకుందామని అన్న అంటే, ఎవరు గుర్తుపెట్టుకుంటారులే అని వద్దన్నది నేనే. "ఎవురు తీసినారు?" అని అడిగారు. ముందురోజే అంతమంది నా చేతులు పట్టుకున్నారు, పాస్టరమ్మ గారు నుదుటి మీద ముద్దు పెట్టారు. ఆ ముఖంతో నేనే తీశానని ఎలా చెప్పను? "ఆ టైములో నేను క్యాంటీన్లో ఉన్నా సార్" అన్నాను. అన్న నా వైపు చూశాడు. కోపంగా కూడా కాదు. "మీకెట్ల అనిపిస్తే అట్ల చేయండి సార్" అన్నాడు.

మసీదులో ఉన్నానని ఆయన ఎందుకు చెప్పలేదో నాకు నిజంగా తెలియదు. భయపడ్డాడనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది. మీ ఉత్తరం చదివాక ఆ సుఖం కూడా పోయింది. ఆ హమాలీలు ఇప్పటికీ శుక్రవారం నా కిటికీ ముందు నుంచే పోతారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను చిన్నమ్మా. ఏం చేయమంటారు?

ఫెబా.


ఆళ్ళగడ్డ,
జూలై 22.

ఫెబాకు,

నిన్ను తిడుతూ రెండు ఉత్తరాలు రాసి చించేశాను. మూడోది రాయబోతే అది నన్ను తిట్టడం మొదలుపెట్టింది.

నువ్వు ఒక అబద్ధం రాశావు. దాన్ని భద్రంగా పట్టుకుని ఎజ్రా గారి ఇంటికి మోసుకుపోయింది నేను. నాలుగడుగులు వేస్తే మైమూనా ఇల్లు. షాకీర్‌ను పిలిచి, "ఏం జరిగింది నాయనా" అని ఒక్క మాట అడగలేదు. మా పిల్ల గొప్పది, మా పిల్ల రాస్తే అదే వేదం. ఆ పిల్లవాడు మిషన్లకు పెట్టిన నియమం నేను మనిషికి పెట్టలేకపోయాను. ఇన్నేళ్ళూ పిల్లలకు నీతిపద్యాలు చెప్పిన నోరు ఇది.

మైమూనా దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆమె మిషను తొక్కడం ఆపలేదు. "మీరు చెప్తే యేముంది టీచరమ్మా. మీ పాప వచ్చి చెప్పాల" అంది. అంతే. టీ కూడా అడగలేదు, ఆ ఇంట్లో టీ తాగకుండా నేను ఎప్పుడూ బయటికి రాలేదు.

ఎజ్రా గారి దగ్గరికీ పోయాను. బెన్నీకి ఆర్డరు ఇచ్చేశారు, ఇంక మార్చలేమన్నారు. నీ బెలుంకు బీరువాలో నకలు ఉంది. నేను పోగొట్టిన ఆ ఉద్యోగానికి లేదు.

ఆగస్టు సాక్ష్యం వద్దని పాస్టరు గారికి చెప్పేశాను. కారణం కూడా చెప్పాను, దాచలేదు. ఇక నువ్వు చేయవలసింది నన్ను అడగక్కర్లేదు. ముందు మేనేజరు. తర్వాత మైమూనా గడప. తర్వాత చర్చి, సాక్ష్యం చెప్పిన చోటే, చెప్పిన నోటితోనే. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదులే. ఇంకొకరి నెత్తి మీద నుంచి మాత్రం దిగుతుంది.

ఉద్యోగం పోతే ఇంటికి రా. అన్నం ఉంది.

నీ చిన్నమ్మ.


నంద్యాల,
ఆగస్టు 25.

ప్రియమైన చిన్నమ్మకు,

వందనాలు. మొన్న నేను ఆళ్ళగడ్డకు వచ్చినప్పుడు మీరు మైమూనా గారి గడప దాకా తోడొచ్చి బయటే ఆగిపోయారు. లోపల ఏం జరిగిందో అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు అన్నీ వరసగా రాస్తాను.

చెన్నకేశవులు గారికి చెబితే ఆయన ముందు లేచి తలుపు మూశారు. "ఐపోయిన దాన్ని యెందుకు తవ్వుతాండావమ్మా? సీజన్ బాగ జరిగింది. గమ్మునుండు" అన్నారు. నిజం చెప్పడం కష్టమనుకున్నాను కానీ, చెప్పిన నిజాన్ని వినిపించుకోమనడం ఇంకా కష్టమైంది. చివరికి, "మరి ఆ టైములో వాడు యాడుండాడు?" అని అడిగారు. "అది నన్ను అడగొద్దు సార్. తీసేసింది నేను. నకలు తీసి పెట్టింది ఆయన" అన్నాను. ఎంత గుచ్చి అడిగినా అదే మాట. నన్ను వారం రోజులు ఇంట్లో ఉండమన్నారు. ఉద్యోగం తీసేయలేదు, కిందికి దించారు.

ఆ వారంలోనే మీ దగ్గరికి వచ్చింది. లోపల షాకీర్ అన్న చాప మీద కూర్చుని ఆర్షియాకు ఎక్కాలు చెబుతున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టి ఏడ్చేశాను. "ఏడవగాకు, పాప సూస్తాంది" అన్నాడు. రేష్మా నాకు నీళ్ళు ఇచ్చింది. మైమూనా గారు మిషను దగ్గర నుంచి లేవలేదు. అంతా విన్నాక అన్న ఒక్కటే అన్నాడు. "కంపెనీ పిలిస్తే వస్తా. నువ్వు అడిగినందుకు కాదు, నాకు పని కావాల." క్షమించానని అనలేదు. నేనూ అడగలేకపోయాను.

ఆ ఆదివారం ఇక్కడ చర్చిలో లేచి నిలబడ్డాను. దేవుడు తెచ్చిచ్చాడని నేను చెప్పిన నకలు షాకీర్ అన్న తీసి పెట్టిందని, లెక్కలు మాయం చేసింది నేనని, నింద ఆయన మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నానని చెప్పాను. ఒక్కరూ ఆమేన్ అనలేదు. పాస్టరు గారు గొంతు సవరించుకుని గబగబా పాట ఎత్తుకున్నారు. పాస్టరమ్మ గారు బైబిల్లో ఏదో వెతుక్కుంటూ ఉండిపోయారు. కృపావరం మేడం కూడా మా సంఘమే. ఆ మరునాటి నుంచి టిఫిను రావడం లేదు.

కంపెనీ పిలిస్తే పోయిన వారం అన్న మళ్ళీ పనిలో చేరాడు. ఇప్పుడు నేను ఆయన కింద. ముందుగా మా ఇద్దరి పాస్‌వర్డులు వేరు చేశాడు. నేను ఏం చేసినా ఇక మిషన్లో నా పేరే పడుతుంది. ప్రతి సర్వర్ మీదా అది ఎవరిదో వాళ్ళ పేరు రాయించాడు. ఆరిపోయి ఉన్నవాటిని ఒక సీజన్ దాటేదాకా ముట్టుకోకూడదు, ఆ తర్వాత కూడా సొంతదారు సంతకం కావాలి. గురువారం నకలు ఇప్పుడు నేను తీస్తున్నాను. తీసిన నకలు నిజంగా లేస్తుందో లేదో ఆయన ఎదురుగా లేపి చూపించాలి. ఇవన్నీ ఆయన ఎప్పటి నుంచో చెబుతున్నవే.

శుక్రవారం మధ్యాహ్నమైంది. అన్న లేచి టోపీ జేబులో పెట్టుకున్నాడు. ఇదివరకైతే "సూస్కోమ్మా, వస్తా" అని పోయేవాడు. ఈసారి తలుపు దగ్గర ఆగి, మిషన్ల వైపు చూశాడు, నా వైపు చూడలేదు. ఆయన నోటితో అనిపించడం ఎందుకని నేనే లేచి బయటికొచ్చాను. గదికి తాళం వేశాడు. లాగి చూశాడు. తాళంచెవి ఎప్పటిలా సెక్యూరిటీకి ఇవ్వకుండా జేబులో వేసుకుని పోయాడు. ఆయన వచ్చేదాకా నేను బయట స్టూలు మీద కూర్చున్నాను. గోడౌన్ నుంచి హమాలీలు మసీదుకు పోతూ తాళం వైపు, నా వైపు చూశారు. నాకు తగిన చోటే అది, బాధ లేదు.

నిన్న ఆదివారం. డ్యూటీ నాది. పొద్దున్నే సెక్యూరిటీ దగ్గర తాళంచెవి తీసుకుని గదిలో కూర్చున్నాను. కాసేపటికి తలుపు తోసుకుని అన్న వచ్చాడు. నిన్న ఆయనకు సెలవు. నేనేం తప్పు చేశానో అని లేచి నిలబడ్డాను. ఆయన వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు.

"చర్చికి టైమైతాంది గదా. పో. నేనుంటా" అన్నాడు.

శుక్రవారం తాళం వేసుకుని పోయినప్పుడు ఓర్చుకున్నాను చిన్నమ్మా. దీన్ని ఓర్చుకోలేకపోయాను. చర్చి దాకా పోయాను. అందరూ లోపల పాడుతున్నారు. ఆరాధన అయిపోయేదాకా చెప్పులు విడిచే చోటే నిలబడి ఉన్నాను.

మీ ఫెబా.